మూడో అంతస్తులో చీపురు చప్పుడు

చీకటి పడ్డాక ఆ నూలు మిల్లు మూడో అంతస్తుకి ఎవరూ వెళ్లరు. మిల్లు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. కింద దుకాణాలు, పైన ఫ్లాట్లు చేసి అమ్ముదామని ఈమధ్యే పని మొదలెట్టారు. పది రోజులు తిరక్కుండానే పుకారు లేచింది — రాత్రిళ్లు పైన ఎవరో ఊడుస్తున్నారని... వెళ్లి చూస్తే ఎవరూ ఉండరని.

ఇది మా మావయ్య చెప్పిన సంగతి. ఆయన వడ్రంగి. పాత ఇటుక గోడల్ని అలాగే ఉంచి, గదుల్లో కొత్తగా చెక్క నేల పరచడం ఆయన పని.

సాయంత్రం రంపంపొట్టు ఎక్కడిదక్కడ వదిలేసి దిగేవాడు. పొద్దున్నే వచ్చి చూస్తే — నేల అద్దంలా ఉండేది. పొట్టంతా ఓ మూల కుప్పగా...

మొదట పెయింటర్లు మానేశారు. తర్వాత మావయ్య దగ్గర పనిచేసే ఇద్దరూ చెప్పాపెట్టకుండా పోయారు. వారంలో నేల పూర్తవ్వకపోతే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు ఇంజనీరు. ముగ్గురి పనీ ఒక్కడే చేస్తూ, మావయ్య రాత్రిళ్లు కూడా అక్కడే ఉండిపోయాడు.

"భయం వెయ్యలేదా?" అన్నాను.

"భయపడ్డానిక్కూడా ఓపికుండాలిరా."

తెల్లారితే గడువు. మిగిలింది చివరి గది. సుత్తి చేతిలో ఉండగానే గోడకి ఆనుకుని కళ్లు మూశాడు...

సర్ర్... సర్ర్...

కళ్లు తెరిచాడు. లైటు ఆరిపోయి ఉంది. నడవాలో చప్పుడు — దగ్గరవుతోంది... ఆగుతోంది... మళ్లీ...

గుమ్మం ముందు ఆగిపోయింది.

సుత్తి బిగించి పట్టుకున్నాడు. గుమ్మంలో తెల్లటి జుట్టు. వంగిన నడుము.

"ఎ... ఎవరు?"

"మెల్లగా నాయనా," గుసగుసగా వినపడింది. "కింద వాచ్‌మన్ లేస్తాడు."

దెయ్యం వాచ్‌మన్‌కి భయపడటమేంటి! మావయ్య ఫోన్ వెలిగించాడు. డెబ్బై దాటిన ముసలామె. చేతిలో చీపురు, కాళ్లకి రబ్బరు చెప్పులు, నుదుటిమీద చెమట.

వెనక సందులో ఇల్లట. బొగ్గు దించే చిన్న తలుపులోంచి దూరి వస్తుందట. ఈ వారం సుత్తి చప్పుడు వినబడుతుంటే రాలేదట; ఇవాళ చప్పుడాగి, కరెంటు పోయి లైటు ఆరాక వచ్చిందట. ఈ అంతస్తులోనే పదిహేడేళ్లు రాత్రి షిఫ్టు చేసిందట.

"రాత్రిళ్లు నిద్ర పట్టదు నాయనా. దొర్లి దొర్లి విసుగొస్తుంది. మళ్లీ ఇక్కడ లైట్లు కనబడ్డాయి... వచ్చాను. మీరేమో దుమ్ము అలాగే వదిలేసి పోతారు. చూస్తూ ఎలా ఊరుకోను?"

"నీ దెబ్బకి నా మనుషులు పారిపోయారు పెద్దమ్మా!"

"అయ్యో! పన్లో ఉన్నన్నాళ్లూ నాకు ఒక్కడూ భయపడలేదు," అని నవ్వింది.

వంగి, కొత్త చెక్కని అరచేత్తో తడిమింది.

"ఈ గదిలో ఏం పెడతారు?"

"ఇది పడకగది."

"ఇక్కడా... నిద్రపోతారా?"

"ఆ. మంచం అక్కడొస్తుంది."

ఆమె అటే చూస్తూ ఉండిపోయింది.

"నా మెషిను అక్కడే ఉండేది. ఇంట్లో చంటిదానికి జ్వరం, మూడ్రోజులు కంటిమీద కునుకు లేదు. నిలబడే ఓ క్షణం కన్ను మూశాను... ఆ రాత్రే పన్లోంచి తీసేశారు."

మావయ్య సుత్తి కింద పెట్టాడు.

ఆమె చీపురు గోడకి ఆనించింది. అటూ ఇటూ చూసి, మరీ చిన్న గొంతుతో అడిగింది:

"కాసేపు... పడుకోనా నాయనా?"

మావయ్య తన తువ్వాలు మడిచి తలకిందకి ఇచ్చాడు. "పడుకో పెద్దమ్మా. ఎవరైనా వస్తే నేను లేపుతాగా."

మోకాళ్లు ముడుచుకుని పడుకుంది. రెండు నిమిషాల్లో గురక.

ఇంకా నాలుగు చెక్కలు మిగిలే ఉన్నాయి. సుత్తి దెబ్బ పడితే ఆమె లేస్తుంది. మావయ్య గుమ్మంలో కూర్చుండిపోయాడు.

తెల్లారింది. ఇంజనీరు మెట్లెక్కుతున్న చప్పుడు. మావయ్య ఎదురెళ్లి, పెదవుల మీద వేలు పెట్టాడు —

"మెల్లగా రండి సార్... లోపల మనిషి నిద్రపోతోంది."