ఒక ఋతువు ముందు నడిచే ఇల్లు

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఈ కథలో నేను అత్తగారి పార్టీ. వయసు చూసినా, పొద్దస్తమానం లాప్‌టాప్ ముందు కూర్చునే బతుకు చూసినా కోడలి వైపు ఉండాల్సినదాన్నే. కథంతా కోడలి పక్కనే నిలబడి చెప్తాను కూడా. మనసు మాత్రం వంటింట్లో ఉంటుంది. చదివాక మీరు ఎటు వెళ్తారో మీ ఇష్టం.

ఆ పొద్దున అన్ని పొద్దుల్లాగే మొదలైంది. బయట ఎండ మాడ్చేస్తోంది. లోపల కోడలు మెడ దాకా మూసుకున్న ఉన్ని స్వెటర్ వేసుకుని, ఒళ్ళో దుప్పటి పరుచుకుని, కిటికీ పక్కన కూర్చుని చలికి హాయిగా ముడుచుకున్నట్టు నవ్వుతోంది. చేతిలో కప్పు ఖాళీ. కాళ్ళ దగ్గర టేబుల్ ఫ్యాన్ గిరగిరా తిరుగుతోంది, దాని గాలికి ఎగిరే జుట్టే ఫోటోలో పిల్లగాలి. చుట్టూ పరిచిన ఎండుటాకులు పోయినేడాదివి. కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేసి, చిరిగిన చోట రంగు పూసి, అట్టపెట్టెలో దాచినవి.

బట్టల కంపెనీకి ఫోటోలు తీసి పంపడం ఆమె ఉద్యోగం. ఆకులు రాలే కాలం బట్టలు దుకాణాల్లోకి రావాలంటే ఫోటోలు ఎండాకాలంలోనే తయారవ్వాలి. తీరా ఆకులు రాలేటప్పటికి చలికాలం కోట్ల పెట్టె వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. చలి మొదలయ్యేసరికి పూల గౌన్లు. ఆ ఇంట్లో క్యాలెండర్ ఎప్పుడూ ఒక ఋతువు ముందే ఉంటుంది. ఆమె కూడా అంతే. అన్నం తింటూ రేపటి షూట్, షూట్ చేస్తూ ఎల్లుండి కొరియర్. పేజీ తెరుచుకోనప్పుడు తెరమీద తిరిగే గుండ్రం ఉంటుంది చూడండి, అచ్చం అలా తిరుగుతూనే ఉండేది.

ఒకసారి గోధుమరంగు స్కార్ఫు పక్కన అత్తగారు చేసిన గుమ్మడికాయ సూప్ పెట్టి ఫోటో తీస్తే కంపెనీవాళ్ళు ముచ్చటపడిపోయారు. అప్పటి నుంచి ప్రతి బట్ట పక్కనా ఓ వంటకం కావాలన్నారు. మొదటిసారి అత్తగారు పొంగిపోయి గిన్నె అంచు రెండుసార్లు తుడిచి మరీ పెట్టింది. తర్వాత తర్వాత కూరగాయలు సగమే ఉడికించమనేవారు, రంగు పోకుండా. పైన బ్రష్‌తో నూనె రాయమనేవారు, మెరవడానికి. వేడి గిన్నె వెనకాల తడి దూది పెడితే పొగ బాగా వస్తుందని అదీ పెట్టారు. చివరికి ఇంట్లో ఒక చట్టం పుట్టింది. తెల్ల గిన్నెలో ఉన్నది ఫోటోకి. స్టీలు గిన్నెలో ఉన్నది తినడానికి, అదీ షూట్ అయ్యాక, చల్లగా.

"అత్తయ్యా, సూప్‌లో బుడగలు నిలవట్లేదు," కోడలు కెమెరాలోంచి తల ఎత్తకుండానే అంది.

"ఎందుకు నిలుస్తాయమ్మాయ్? పొయ్యి మీంచి దించేశాం కదా."

"ఇప్పుడే మరిగినట్టు కనపడాలి. రెండు చుక్కలు లిక్విడ్ వేసి గిలక్కొడతా."

"ఏ లిక్విడ్? గిన్నెలు తోమేదా?"

"రెండు చుక్కలే కదత్తయ్యా."

అత్తగారు ఆ సూప్‌ని ఒక్క క్షణం చూసి, డాబా మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళిపోయింది.

ఫోటో అదిరిపోయింది. కోడలు చెమట తుడుచుకుంటూ స్వెటర్ మార్చుకోవడానికి గదిలోకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఆమె భర్త ఇంటికొచ్చాడు. బస్సు డిపోలో డ్రైవర్లకి డ్యూటీలు వేసే ఉద్యోగం అతనిది. మధ్యాహ్నం భోజనానికి వస్తాడు కానీ ఫోను మాత్రం డిపోలోనే ఉన్నట్టు మోగుతుంది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించి, కుర్చీ లాక్కుని, ఎదురుగా ఉన్న తెల్ల గిన్నె ముందుకు జరుపుకుని, "రెండో షిఫ్టు అతన్ని పంపించండి సార్" అంటూ బ్రెడ్డు ముంచుకుని మొత్తం తినేశాడు. బట్టల మూటతో అత్తగారు లోపలికి అడుగుపెట్టేసరికి గిన్నె అడుగు కనిపిస్తోంది.

"బాగుందమ్మా," అన్నాడు, ఫోను దించకుండానే.

కోడలు బయటికొచ్చి కెవ్వుమంది. "ఆ గిన్నె తిన్నావా? అందులో సబ్బుంది!"

"సబ్బా?" అతను నాలిక బయటపెట్టి చూసుకున్నాడు. "అదేంటి, క్రీమ్ వేశారేమో అనుకున్నా."

తెలిసిన డాక్టర్‌కి ఫోన్ చేస్తే, రెండు చుక్కలకి ఏమీ కాదు, నీళ్ళు తాగమనండి అని ఆయన కూడా నవ్వాడు. మొగుడు నీళ్ళు తాగి తేన్చాడు. "బుడగ వచ్చిందా?" అని పెళ్ళాం అడిగింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అత్తగారు నవ్వలేదు. గిన్నె తీసుకెళ్ళి కడిగింది. కడిగిందే కడుగుతూ చాలాసేపు అక్కడే నిలబడింది.

సాయంత్రం అందరూ తినడానికి కూర్చున్నారు. అత్తగారు ముద్దగా ఉడికిన బంగాళాదుంపల కూర వడ్డించింది. వాళ్ళ చిన్న కూతురు, అందరూ బుడ్డి అని పిలిచేది, కంచం వైపు అనుమానంగా చూసింది.

"నానమ్మా, ఇది తినేదా, ఫోటోదా?"

కోడలికి మళ్ళీ నవ్వొచ్చింది. కానీ అత్తగారు గరిటె కింద పెట్టేసింది.

"రేపు పొద్దున్నే వెళ్ళిపోతున్నా," అంది.

"ఎక్కడికి?" మొగుడూ పెళ్ళాం ఒకేసారి అడిగారు.

"పార్కులో నాతో నడుస్తుంది చూడు, ఆ హాస్టల్ వార్డెన్. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్. వంటావిడ మానేసింది, మీరు రండి అని ఎప్పటినుంచో ప్రాణం తీస్తోంది. వస్తానని ఇందాకే చెప్పా. గది కూడా ఇస్తారట."

"హాస్టల్లో వంటమనిషిగానా? మీరా?" కోడలి గొంతు లేచింది. "నలుగురూ ఏమనుకుంటారత్తయ్యా?"

"నలుగురూనా? ఆ నలుగురూ నీ ఫోటోల్లో గిన్నె పట్టుకున్న నా చేతులు రోజూ చూస్తున్నారుగా. ఎవరివమ్మా ఈ చేతులు అని ఒక్కళ్ళైనా అడిగారా?"

"అమ్మా, ఇంత చిన్నదానికి..." కొడుకు మొదలుపెట్టాడు.

"నువ్వు మాట్లాడకు!" ఇద్దరాడవాళ్ళూ ఒక్క గొంతుతో అన్నారు. ఆ రోజుకి వాళ్ళిద్దరూ ఏకీభవించిన విషయం అదొక్కటే.

అత్తగారి కళ్ళు తడిగా ఉన్నాయి కానీ గొంతు తడబడలేదు. "చిన్నదేరా. సబ్బు కలిపింది తిని బాగుందమ్మా అన్నావు. నా చేతి వంటకీ, దానికీ నా కొడుక్కి తేడా తెలీలేదు. నీ తప్పేం లేదు. నీకు వేడిగా పెట్టి ఎన్నాళ్ళయింది? సగం ఉడికినవీ, చల్లారినవీ తిని తిని మీ నాలికలు చచ్చిపోయాయి. నా చెయ్యి కూడా చచ్చిపోతోంది. ఇవాళ కూర ఉడికిందో లేదో నేను రంగు చూసి చెప్పా. రుచి చూడాలని నాకే తోచలేదు."

"నేను సరదాకి చేస్తున్నానా ఇదంతా?" కోడలు లేచి నిలబడింది. "ఎండలో ఉన్ని తొడుక్కుని చస్తున్నా. అందరికీ చలికాలాలూ వానాకాలాలూ ఉంటాయి, నాకు షూట్లే ఉన్నాయి. ఒక్క కాలాన్ని అది వచ్చినప్పుడు చూసి ఎన్నేళ్ళయిందో మీకు తెలుసా?"

"నాకెందుకు తెలీదు? నీ వెనకే ఉన్నాగా. కిటికీలోంచి కాలం పోతూ ఉంటుంది, నువ్వు అటు వీపు పెట్టి కెమెరా చూస్తుంటావు. నీ ఉద్యోగం నీది, మానేయమని నేననను. నేను మాత్రం తినేవాళ్ళకి వండాలి అమ్మాయ్. అంతే."

మర్నాడు ఆవిడ చిన్న సంచీతో వెళ్ళిపోయింది. బుడ్డి ఏడ్చింది. కొడుకు బస్సెక్కిస్తానన్నాడు. "నీ డ్యూటీల బస్సులు టైముకి రావు, నడిచే వెళ్తా" అంది ఆవిడ.

అత్తగారు లేని ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని కోడలు అనుకుంది. ఉండలేదు. ఏ గదిలో ఉన్నా ఇంకో గదిలో ఏదో మర్చిపోయినట్టుండేది. లేచేది, వెళ్ళేది, ఎందుకొచ్చానా అని నిలబడేది. ఫోటోలకి బయటి నుంచి సూప్ డబ్బాలు తెప్పించింది. వాటిని తెల్ల గిన్నెలో పోసి, నూనె రాసి, పంపించాక, ఈసారి తప్పకుండా పట్టేసుకుంటారని గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. "ఎప్పటిలాగే నోరూరుతోంది."

ఆమె ఆ మెయిల్ మళ్ళీ మళ్ళీ చదివింది. ఎప్పటిలాగే! ఆవిడ అంతసేపు పొయ్యి దగ్గర నిలబడి చేసినదానికీ, డబ్బా మూత తీసి పోసినదానికీ తేడా లేదన్నమాట. సంతోషించాల్సిన మాటకి ఆమె లాప్‌టాప్ మూసేసింది. ఆ క్షణంలో అత్తగారి ముఖం, కడిగిన గిన్నెనే కడుగుతున్న ఆవిడ చేతులు కళ్ళముందుకొచ్చాయి. ఆ రోజు తను ఎంత గట్టిగా నవ్విందో కూడా గుర్తొచ్చింది.

తర్వాత చలికాలం పెట్టె వచ్చింది. ఒకరోజు పొద్దున్నే ఆమె పొడుగు కోటు వేసుకుని, కిటికీ అద్దానికి దూది అంటిస్తోంది, మంచు పడినట్టు. బుడ్డి పక్కనే స్టూలెక్కి, దూది సందుల్లోంచి బయటికి చూస్తోంది.

"అమ్మా, ఆకులు రాలుతున్నాయి."

"ఆఁ, చూశాలే."

"చూడకుండానే చూశానంటావేం?"

కోడలి చేతిలో దూది ఆగిపోయింది. ఒక ముక్క పీకి అవతలికి చూసింది. వీధి చివరిదాకా చెట్లన్నీ రాగి రంగుకి తిరిగిపోయాయి. గాలొచ్చినప్పుడల్లా గుప్పెళ్ళకొద్దీ రాలుతున్నాయి. వాటిని ఎవరూ ఇస్త్రీ చేయలేదు. ఎవరూ అమర్చలేదు.

కోటు విప్పి కుర్చీలో పడేసింది. బీరువా అడుగు నుంచి తన సొంత స్వెటర్ లాగింది. మోచేతి దగ్గర అతుకు, ముదురు పసుపు. ఏ కంపెనీ ఫోటోకీ పనికిరానిది. వేసుకుంటే ఆ రోజు చలికి సరిగ్గా సరిపోయింది. వేసుకున్న బట్టకీ బయటి గాలికీ పొత్తు కుదరడం ఎంత హాయో ఆమె పూర్తిగా మర్చిపోయింది.

"ఎక్కడికమ్మా?"

"నానమ్మ దగ్గరికి. చెప్పులేసుకో."

దారంతా బుడ్డి ఆకుల కుప్పలున్నచోటే కరకరమని తొక్కుతూ, కిలకిలా నవ్వుతూ నడిచింది. మొదట చెయ్యి పట్టి లాగిన కోడలు కాసేపటికి తనూ కుప్పలు వెతుక్కుంటూ నడిచింది. ఎవరి పెరట్లోంచో యాపిల్ పళ్ళు ఉడుకుతున్న వాసన వచ్చింది. అలవాటుగా చెయ్యి ఫోను కోసం జేబులోకి వెళ్ళింది. ఉత్తిగానే బయటికొచ్చింది.

హాస్టల్ భోజనాల గదిలో పక్కవాళ్ళ మాట కూడా వినపడటం లేదు. తడి జుట్లు, ఆఫీసు సంచీలు, స్టీలు కంచాల మోత. బల్ల వెనక అత్తగారు పెద్ద గిన్నె ముందు నిలబడి సూప్ పోస్తోంది.

"ఆంటీ, ఇవాళ మిరియాలు దంచి కొట్టారుగా! ముక్కు కారిపోతోంది."

"కారనీవే. జలుబు పోతుంది."

"నాకింకో గరిటె ఆంటీ, అడుగు నుంచి!"

అత్తగారు నవ్వుతోంది. ఆ నవ్వు కోడలు చూసి చాలా కాలమైంది. వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. కానీ కంచం, గిన్నె తీసుకుని లైన్లో నిలబడింది. బుడ్డి మాత్రం బల్ల కిందనుంచి దూరి నానమ్మ కాళ్ళకి చుట్టుకుంది. ఆవిడ ఒక చేత్తో మనవరాల్ని నిమురుతూ తలెత్తేసరికి ఎదురుగా కోడలు.

"ఫోటోకా?" అంది అత్తగారు.

"ఆకలికి," అంది కోడలు.

గరిటె ఒక్క క్షణం గాల్లో ఆగి, గిన్నెలోకి దిగింది. కోడలు బల్ల చివర కూర్చుని, పెద్ద చెంచాడు నోట్లో పెట్టేసుకుంది. నాలిక చురుక్కుమంది. మింగలేక, ఉమ్మలేక, నోరు తెరిచి చేత్తో విసురుకుంది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. మంట తగ్గాక కూడా అవి ఆగలేదు.

అత్తగారు గరిటె ఒకమ్మాయికి అప్పజెప్పి, మంచినీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది.

"ఊదుకుని తినాలని కూడా మర్చిపోయావా? సూప్‌కి అంత ఏడుపేంటే!"

"నవ్వానత్తయ్యా ఆ రోజు. మీరక్కడే ఉన్నారు, నేను పడీ పడీ నవ్వాను." ఆమె స్వెటర్ చేతికే ముక్కు తుడుచుకుంది. "ఇంటికి రమ్మని అడిగే ముఖం లేదు నాకు. మొన్ననే కెమెరా, లైట్లు అన్నీ వంటింట్లోంచి ముందుగదిలోకి లాగేశా. ఇకమీదట బట్టలే తీస్తా, తిండి ఫోటోలు తీయనని కంపెనీకి రాసేశా. ఒప్పుకుంటారో లేదో తెలీదు. కానీ వంటింట్లోకి మాత్రం ఇక కెమెరా రాదు."

అత్తగారు కోడలి గిన్నెలోంచి ఒక చెంచా తీసి, ఊది, ఆమె నోటికందించింది.

"ఇక్కడ మానను," అంది నెమ్మదిగా. "ఈ పిల్లలు తిడుతూ తింటారు, పొగుడుతూ తింటారు. తిన్నది వాళ్ళకి తెలుస్తోంది. అది నాకు కావాలి."

"మానొద్దత్తయ్యా."

"సాయంత్రాలు ఇంటికొస్తా. కానీ ఇంట్లో నేను వండను. నువ్వూ, నా కొడుకూ వండండి. నేను కాళ్ళు చాపుకుని కూర్చుని, తిని, వంకలు పెడతా."

కోడలికి ఏడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. గిన్నె అడుగంటా గీకి తినేసి, లేచి, గబగబా బల్ల దగ్గరికి వెళ్ళి చాపింది.

"హలో, వెనక నుంచి రండక్కా," గరిటె పట్టుకున్న అమ్మాయి కసిరింది.

"మా కోడలు," అత్తగారు కూర్చున్నచోటు నుంచే గదంతా వినపడేలా అరిచింది. "అయినా సరే, లైన్లో రావాల్సిందే!"

ఇదీ సంగతి. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ముందు ఋతువులోకో, ఫోన్లోకో, రేపటిలోకో వెళ్ళిపోయి ఉంటారుగా. వాళ్ళని వెనక్కి తెచ్చిందేంటి? ఏ వాసన, ఏ పాత బట్ట, ఎవరి గరిటె? కింద కామెంట్లలో మీ కథలు చెప్పండి. కోడలి పార్టీవాళ్ళు కూడా రావచ్చు, దెబ్బలాడుకుందాం.