తులసి కుండీలో తాగే నీళ్ళు

ఉదయాన్నే బియ్యం కడిగిన నీళ్ళు బకెట్లోకి వంపుతూ భావన ఇంటిల్లిపాదికీ మళ్ళీ పాఠం చెప్పింది. కూరగాయలు కడిగినవి గిన్నెలకి, బట్టలు జాడించినవి బాత్రూముకి. నీళ్ళు తక్కువ పట్టేలా ఫ్లష్ ట్యాంకులో పెట్టిన ఇసక సీసా ఎవరూ తియ్యకూడదు. రాయపూర్ శివారు భన్‌పురిలో వాళ్ళ అద్దె ఇంటి బోరు మే నెలకే ఎండిపోయింది. ఇక అంతా టాంకరు దయ. పొదుపు మంచిదే, కాకపోతే భావన పొదుపుకి నోరు కాస్త ఎక్కువ.

భర్త గిరిధర్ తలూపి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అత్తగారు దాలమ్మ కోడలు నింపి ఇచ్చిన మంచినీళ్ళ చెంబు అందుకుంది. రైల్వే ఉద్యోగి అయిన భర్త వెంట శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ రాయపూర్లోనే ముసలిదైన మనిషి. రాత్రుళ్ళు ఎవరు అన్నిసార్లు ఫ్లష్ లాగుతున్నారని మొన్న కాఫీల దగ్గర భావన అడిగినప్పుడు గ్లాసు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ఇంట్లో షుగరు ఉన్నది ఆవిడ ఒక్కర్తికే. అందరి ముందూ అడగాల్సిన ప్రశ్నా అది?

సాయంత్రం దాలమ్మ తన మంచినీళ్ళ చెంబు తులసి కుండీలో వంపుతుంటే భావన కంటపడింది. ఒళ్ళు మండిపోయింది.

"తాగే నీళ్ళు మొక్కకి పోస్తున్నారా అత్తయ్యా? పొద్దుట్నుంచీ నేను మొత్తుకునేది ఎవరికోసం?"

"ఎంగిలివి కాదమ్మా, ఎత్తి తాగుతాను కదా" అంది దాలమ్మ భయంగా.

పొద్దున్న తను నింపి ఇచ్చిన చెంబులో ఇంకా అన్ని నీళ్ళు ఎందుకు మిగిలాయని భావన నిలదీసింది. జవాబు చెప్పబోతూనే దాలమ్మ గోడ పట్టుకుని కూలబడింది. భావన పరుగెత్తి ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడ పెదవులు పగిలి ఉన్నాయి, నాలుక పిడచకట్టుకుపోయింది.

"మజ్జాన్నం దాటాక తాగట్లేదమ్మా. తాగితే రాత్రి ఎల్లాల. ఎల్తే నీల్లు ఒంపాల. పానీ లేదు కదా మరి."

అప్పుడే వచ్చిన గిరిధర్ సంగతి విని భార్య మీద విరుచుకుపడ్డాడు. దాలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"దాన్నేటీ అనకురా. ఇల్లు నడపాల కదా అది."

ఆ మాటకి భావన ప్రాణం చచ్చిపోయింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి అందించింది. దాలమ్మ వెంటనే తాగలేదు. కోడలి ముఖంలోకి చూసి, "సగం తాగనా?" అని అడిగింది.

భావన ఆవిడ చేతులు పట్టుకుని భోరుమంది.

"మొత్తం తాగండి అత్తయ్యా. రాత్రి నన్ను లేపండి, నీళ్ళు నేను పోస్తాను."