నూరుసార్లు కడిగిన నెయ్యి

మాలేరు పొంగి గుర్రాలశాలలో చేపలు తిరిగిన ఏడాది, మాలవరం కోటలో ఒక పెళ్ళి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెబుతాను, వినండి పిల్లలూ.

మాలవరం రాజుకు కాళింది ఒక్కతే కూతురు. చింతగింజ రంగు, నిగనిగలాడే ఒళ్ళు. మగపెళ్ళివారు విడిదిలో దిగేలోగా పిల్ల తెల్లబడాలని రాణి పట్టుబట్టింది. కోటలో నలుగుపిండి నూరేవాడు తవిటయ్య. పెసలు, కచ్చూరాలు, కస్తూరి పసుపు ఏ పాళ్ళలో పడాలో వాడి చేతికి తెలుసు. ఆ పిండి మురికి తీస్తుంది, జిడ్డు వదిలిస్తుంది, ఒంటికి మెరుపు ఇస్తుంది. పుట్టుకతో వచ్చిన రంగును మాత్రం మార్చదు. ఆ సంగతీ వాడికి తెలుసు. అయినా రాణి నలుగురి ముందూ అడిగేసరికి కాదనలేక, "ఒక్క పూటలో తెల్లగా మెరిపిస్తాను తల్లీ" అనేశాడు.

నలుగు నూరేవాళ్ళకు ఒక ఆచారం ఉంది. కొత్త పిండి ఏదైనా ముందు తమ మోచేతి మడతలో రాసుకుని ఒక రోజు ఆగుతారు. దద్దురు లేస్తే ఆ పిండి పెంటకుప్పకే. తవిటయ్య ఆగలేదు. ఒంటి మచ్చలకు వాడే బావంచాల గింజలు మోతాదుకు రెట్టింపు వేశాడు, నిమ్మరసం పోసి నూరాడు. "రాసి ఎండలో కూర్చోబెట్టు, తొందరగా ఆరుతుంది" అని దాసి పైడమ్మకు చెప్పాడు. బావంచాలూ నిమ్మరసమూ ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే నిప్పు తగిలినట్టే. మర్నాటికి కాళింది మెడా భుజాలూ బొబ్బలెక్కాయి.

"పాపను ఎండలో కూర్చోబెట్టింది ఎవరు?" అని రాజు గద్దించాడు.

"నానే దొరా. తవిటిబాబు సెప్పినాడు" అంది పైడమ్మ.

రాజు వాడివైపు తిరిగాడు. తవిటయ్య తన కాళ్ళవైపు చూసుకుంటూ, "నేను చెప్పలేదు ప్రభూ" అన్నాడు.

భటులు పైడమ్మకు సంకెళ్ళు వేశారు. అమావాస్యలోగా బొబ్బలు మానకపోతే ఆమె చేతులు నరికించమన్నాడు రాజు.

ఆస్థాన వైద్యుడు తల పంకించాడు. మంట ఆర్చడానికి రాకాసిదిబ్బ మీది కలబంద కావాలి. పుండు మానడానికి ఎలుగుకొండ తేనె కావాలి. తోలు మెత్తబడడానికి నీటిధార దగ్గరి అవ్వ కడిగే నెయ్యి కావాలి. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

"నేను వెళతాను" అన్నాడు తవిటయ్య. సభంతా వాడి ధైర్యాన్ని మెచ్చుకుంది. పైడమ్మవైపు చూడకుండా వాడు గడప దాటాడు.

అడవి దాటితే ఇసుకదిబ్బ. దిబ్బ మీద తాటిచెట్టంత రాకాసి వీపు గోక్కుంటూ కూర్చుంది.

"ఒరే మనిసిగుంటడా! ఈ ఆకుజిగురు సలవ సేస్తాదన్నారు. రాసుకున్న కాడినుంచి ఒకటే దురద. మందు సెప్పు, నేదంటే నమిలేస్తాను!"

"కోయగానే రాశావా అమ్మా?"

"మరి ముగ్గబెట్టుకుని రాస్తారేట్రా?"

తవిటయ్య ఒక కలబంద మట్ట కోసి నిలబెట్టాడు. తెగిన చోటు నుంచి పసుపుపచ్చటి రసం కారింది. "ఈ పసుపు రసమే దురద. ఇది పూర్తిగా కారాక, కడిగి, లోపలి గుజ్జు మాత్రం తీయాలి" అన్నాడు. ఆ గుజ్జు రాయగానే రాకాసి హాయిగా మూలిగింది. వాడు వచ్చిన పని విని, మట్టలు మోపుకట్టి ఇస్తూ అడిగింది. "ఎవులు కాల్సినార్రా ఆ పిల్లని?"

"ఒక దాసి" అన్నాడు వాడు. అంటుండగానే మోపులో సగం మట్టలు వడలిపోయాయి. రాకాసి వాటిని చూసింది, వాణ్ణి చూసింది. "నీ దారిన నువ్వు పో" అంది.

ఎలుగుకొండ గుహలో ఎలుగురాజు అరికాలు చీరుకుపోయి కుంటుతోంది. చుట్టూ తేనెపట్లు వేలాడుతున్నాయి.

"తాగడమే గానీ పూసుకోవడం తెలీదా మామా?" అన్నాడు తవిటయ్య. పుండు కడిగి, తేనె దట్టంగా పట్టించి, ఆకు కట్టాడు. తేనె పుండును కుళ్ళనివ్వదు, ఎండనివ్వదు. మూడోనాటికి ఎలుగు కాలు మోపింది. సొరకాయ బుర్రనిండా తేనె పోసి, అదీ అదే ప్రశ్న అడిగింది.

"ఎవరో" అన్నాడు తవిటయ్య. బుర్రలో తేనె పుల్లటి వాసన కొట్టింది.

"నా కొండలో తేనె పులవదురా అల్లుడూ" అంది ఎలుగు. వీపు తిప్పి గుహలోకి పోయింది.

ధార దగ్గర అవ్వ రాగిపళ్ళెంలో నెయ్యి వేసి వాడి ముందుకు తోసింది. "నూరుసార్లు కడుగు. నీళ్ళు పోసి, చేత్తో చిలికి, వంచెయ్యి. వెన్నలా తెల్లబడితే తీసుకుపో."

వాడు కడిగాడు. నూరు దాటింది, రెండో నూరూ దాటింది. నెయ్యి పచ్చగానే ఉంది. వేళ్ళు నీళ్ళకు నాని ముడతలు పడ్డాయి. అమావాస్య ఎల్లుండి.

"నా నెయ్యి మంచిదే మరి" అంది అవ్వ, పళ్ళెంలోకి తొంగిచూస్తూ. "జిడ్డు నీది కాదు గదా?"

తవిటయ్య చేతులు ఆగిపోయాయి. "కాల్చింది నేనే అవ్వా" అన్నాడు. "ఎండలో పెట్టమని చెప్పిందీ నేనే. పైడమ్మ చేతులు పోతాయని తెలిసీ లేదన్నాను." చెబుతూ ఏడ్చాడు. ఏడుస్తూనే చిలికాడు. వేళ్ళ మధ్య నెయ్యి తెల్లగా, మీగడలా విచ్చుకుంది. వడలిన మట్టలు లేచాయి. తేనె తీపెక్కింది.

"నాకు చెబితే నెయ్యి తెల్లబడింది. కోటలో చెబితే ఏమవుతుందో మరి నేనెరగను" అంది అవ్వ.

అమావాస్య పొద్దున తవిటయ్య సభలో మందు దించి, నేరమంతా తన నోటితోనే చెప్పాడు. రాజు కత్తి దూశాడు.

"నాన్నగారూ, ముందు మందు రాయనివ్వండి. తరవాత తీరిగ్గా నరుకుదురు గానీ" అంది తెరచాటు నుంచి కాళింది. "రాసేది పైడమ్మే."

సంకెళ్ళు విప్పారు. కలబంద మంట లాగేసింది, తేనె పుండు పూడ్చింది, నెయ్యి తోలు కలిపింది. చూస్తుండగానే కాళిందికి పాత చింతగింజ రంగు తిరిగొచ్చింది.

"తెల్లబడలేదేం?" అంది రాణి, ఉండబట్టలేక.

"మానిందమ్మా. అది చాలదూ?" అంది కాళింది.

నెల తిరక్కుండానే ఆమె పెళ్ళీ, పట్టాభిషేకమూ జరిగాయి. రంగు మారుస్తానని చెప్పి ఎవరూ ఏదీ అమ్మకూడదన్నది ఆమె మొదటి శాసనం. మందు రాసిన రోజున మాత్రం తండ్రి కత్తిని ఒరలో పెట్టించి, "వీడి శిక్ష పైడమ్మ చెప్పాలి" అంది.

పైడమ్మ ఏ శిక్షా చెప్పకుండానే మూట సర్దుకుని ఇంటికి పోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా తవిటయ్య మిగిలిన నెయ్యి ఆకులో పెట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. పైడమ్మ పేడనీళ్ళ కుండతో బయటికి వచ్చింది. సంకెళ్ళు ఒరుసుకుని మణికట్లు ఎర్రగా పచ్చిగా ఉన్నాయి.

"అడ్డు లెగు. కళ్ళాపి జల్లాల" అంది.

వాడు ఆకు అరుగు మీద పెట్టి, కుండ అందుకుని, వాకిలంతా జల్లాడు. పైడమ్మ అరుగు మీద కూర్చుని మణికట్లకు నెయ్యి రాసుకుంటూ చూసింది.

"ఆ మూల ఒగ్గేసినావు" అంది.

తవిటయ్య వెనక్కి వెళ్ళి, ఆ మూలా జల్లాడు.