చేత్తో బిగిస్తే చాలు

ఆదివారం పొద్దున ఆమె టీ కాచి, స్టవ్ ఆర్పి, సిలిండర్ కట్టేసి చేతులు తుడుచుకుంది. వెనకే భర్త వచ్చాడు. అదే సిలిండర్ నాబ్ తనూ ఒకసారి తిప్పిచూసి, తృప్తిగా తలాడించి, పేపర్ చదువుకోవడానికి వెళ్ళిపోయాడు.

పెళ్ళయిన నాటి నుంచీ ఇదే తంతు. ఆమె తాళం వేస్తే ఆయన లాగి చూడాలి. ఆమె కుళాయి కట్టేస్తే ఆయన ఇంకో చుట్టు బిగించాలి. ఫ్యాక్టరీలో ఆయనది తనిఖీ ఉద్యోగమే, కాదనం. ఇల్లు ఫ్యాక్టరీ కాదు కదా! ఆమె మందుల షాపులో ఫార్మసిస్టు. ఆమె చేత్తో ఇచ్చిన మాత్రలు పేటంతా కళ్ళు మూసుకుని మింగుతుంది. కట్టుకున్నవాడికి మాత్రం ఆమె కట్టిన కుళాయి మీద నమ్మకం లేదు.

"అమ్మాయ్, బాత్రూంలో కుళాయి కట్టానో లేదో, కాస్త చూడవూ?" అత్తగారు గదిలోంచి పిలిచింది.

"కట్టారత్తయ్యా, చుక్క కూడా కారడం లేదు."

"అయినా ఒక్కసారి చూడు తల్లీ."

పెద్దావిడ చాదస్తం అనుకుని, ఆమె వెళ్ళి చూసొచ్చింది. వంటింట్లో మంచినీళ్ళ బిందె పెడితే, సింకు కింద బిగించిన వాటర్ ఫిల్టర్ నుంచి నీళ్ళు దారంలా వస్తున్నాయి.

"మెకానిక్‌కి చెప్పాను, వస్తాడు" అన్నాడాయన పేపర్ దించకుండా.

"వస్తాడు వస్తాడంటూనే నెల గడిచింది. కొత్త ఫిల్టర్లు తెచ్చి పెట్టాను. నేనే మారుస్తాను."

"నువ్వా?"

ఆ ఒక్క ముక్కకే ఆమెకు ఒళ్ళు మండింది. కొంగు బిగించి, సింకు కింద కూర్చుంది. వాల్వు కట్టేసి, పైన కుళాయి తిప్పి గొట్టంలో మిగిలిన నీళ్ళు వదిలేసింది. కింద బేసిన్ పెట్టి, ప్లాస్టిక్ స్పానర్‌తో ఫిల్టర్లుండే మూడు గిన్నెలూ ఊడదీసింది. లోపలి ఫిల్టర్లు బురదముద్దల్లా ఉన్నాయి. గిన్నెలు కడిగింది, నల్లటి రబ్బరు వాషర్లు తుడిచి గాడిలో సరిగ్గా కూర్చోబెట్టింది, కొత్త ఫిల్టర్లు పెట్టి గిన్నెలు చేత్తోనే బిగించింది. స్పానర్ మేకుకు తగిలించేసింది. వాల్వు తిప్పి, మొదట నల్లగా వచ్చిన నీళ్ళు పారబోసి, కింద పొడి కాగితం పరిచి చూసింది. ఒక్క మచ్చ పడలేదు.

"ఇంకాస్త బిగించాలేమో" అన్నాడాయన వంగి చూస్తూ.

"చేత్తో బిగిస్తే చాలు. అంతకు మించితే వాషర్ నలిగి కారుతుంది. డబ్బా మీదే ఉంది, చదువుకోండి. దయచేసి మీరు ముట్టుకోకండి" అని చెప్పి, సంచీ తీసుకుని కూరగాయలకు వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి వంటిల్లు చెరువైంది. కింది అరలో సరుకులన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆయన పంట్లాం మడుచుకుని, బకెట్‌తో నీళ్ళు ఎత్తిపోస్తున్నాడు.

"చూశావా నీ ఘనకార్యం! మెకానిక్ వస్తాడంటే విన్నావా? తెలియని పనిలో వేలు పెట్టడం ఎందుకు?"

ఆమె సంచీ కింద పెట్టి, సింకు కిందికి చూసింది. మేకుకు ఉండాల్సిన స్పానర్ నీళ్ళలో పడి ఉంది. వాల్వు కట్టేసి మధ్య గిన్నె ఊడదీస్తే, వాషర్ గాడిలోంచి జారి తెగి వేలాడుతోంది.

"దీన్ని ఎవరు బిగించారు?"

"నువ్వేగా."

"నేను స్పానర్‌తో బిగించలేదు. ఎవరు బిగించారని అడుగుతున్నాను."

ఆయన నోరు తెరిచేలోపు గుమ్మంలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "వాడేనమ్మా. నువ్వు గేటు దాటావో లేదో, వెళ్ళి బిగించాడు. నేను చూశాను."

"అది కాదమ్మా... గట్టిగా ఉంటే మంచిదేగా అని ఊరికే ఒక్కసారి..." ఆయన బకెట్ కింద పెట్టాడు.

"ఊరికే ఒక్కసారా?" ఆమె లేచి నిలబడింది. "ఇన్నేళ్ళుగా మీ ఒక్కసారి అయిపోలేదా? నేను వేసిన తాళం లాగారు, కట్టిన గ్యాస్ తిప్పారు, పోనీలే అనుకున్నాను. ఇవాళ బాగున్నదాన్ని చెడగొట్టి, ఆ నింద కూడా నా నెత్తిన రుద్దుతారా? నా చేతులకేం వచ్చింది? చెప్పండి!"

అత్తగారు గోడ పట్టుకుని ఆ నీళ్ళలోకే దిగి వచ్చింది.

"మీ నాన్నా ఇంతేరా. నేను తాళం వేస్తే లాగి చూడని రోజు లేదు. మొదట్లో కడుపు రగిలిపోయేది. పోను పోను, ఎలాగూ ఆయన చూస్తారుగా అని నా చేతుల్ని నేనే నమ్మడం మానేశాను. ఇప్పుడు ఆయన లేరు. కుళాయి కట్టి నాలుగడుగులు వేస్తే, కట్టానో లేదో నాకే తెలియడం లేదు." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నేనిలా అయిపోయాను. దీన్ని కూడా నాలా చెయ్యకురా."

చాదస్తమని తను మనసులో విసుక్కున్న ప్రతిసారీ గుర్తొచ్చి, కోడలికి కళ్ళు నిండాయి.

"తప్పు నాదే" అన్నాడు చివరికి. భార్య ముఖం చూడలేక, తల్లి ముఖం చూడలేక, గుడ్డ తీసుకుని నేల తుడవడం మొదలుపెట్టాడు.

కొత్త ఫిల్టర్ల డబ్బాలో అదనంగా ఒక వాషర్ ఉంది. ఆమె దాన్ని గాడిలో కూర్చోబెట్టి, గిన్నె అందించింది. "అత్తయ్యా, ఇది మీరు బిగించండి."

"నేనా? నా వల్ల ఏమవుతుందే!"

"చేత్తో బిగిస్తే చాలు."

పెద్దావిడ స్టూలు మీద కూర్చుని, వంగి, రెండు చేతులతో నెమ్మదిగా తిప్పింది. గిన్నె బిగుసుకుంది. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి అటు సాగింది. భార్య చూసింది. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళి, మళ్ళీ గుడ్డ పట్టుకుంది.

వాల్వు తిప్పారు. కింద పరిచిన కాగితం పొడిగానే ఉంది. కుళాయి నుంచి నీళ్ళు ధారగా బిందెలో పడుతున్నాయి.

"అమ్మాయ్, ఒక్కసారి చూడ..." అనబోయి అత్తగారు ఆగిపోయింది. తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంది.

"అక్కర్లేదులే" అంది, కన్నీళ్ళు తుడుచుకుంటూ. "నేనే బిగించానుగా."