కాంటా మీద ఖాందాన్

"ఓ తెల్ల బండన్నా! జర ముందుకు! ఇంక జర... అరె, ఆగాగు! ఎనక చక్రం కాంటా బయటనే ఉన్నది!"

మైకులో అరిచి అరిచి స్వరూప గొంతు అప్పటికే సగం పోయింది. గగన్‌పహాడ్‌లో రోడ్డు పక్కన వాళ్ళ నాన్న ముత్తయ్య పెట్టిన ధరమ్ కాంటా అది. లారీ వచ్చి ఇనుప పలక మీద నిలబడితే, గాజు క్యాబిన్‌లో కూర్చున్న స్వరూప కంప్యూటర్ మీద బరువు కనిపిస్తుంది. ఇనుము, సిమెంటు, కంకర, ఒకసారి సర్కస్ వాళ్ళ గుడారం... ఆరేళ్ళలో ఆమె తూచని సరుకు లేదు.

ఇలాంటి బండిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. బస్సంత ఉంది గాని బస్సు కాదు. కిటికీలకు పూలపూల పరదాలు. నెత్తిన నీళ్ళ ట్యాంకు. జూలై వానలో తడుస్తూ, పెళ్ళికి ముస్తాబైన ఏనుగులా నిలబడింది.

అందులోంచి ఒక కుర్రాడు దిగి, తల మీద రుమాలు కప్పుకుని పరుగెత్తుకొచ్చాడు. వచ్చీ రాగానే, "మేడం, నన్ను అన్నా అనకుండ్రి" అన్నాడు.

"ఎందుకు?"

అతను రుమాలు పిండాడు. "ఊకెనే."

స్వరూప నవ్వు ఆపుకుని కీబోర్డు ముందుకు లాక్కుంది. "సరుకేంది?"

"సరుకు లేదు. ఇల్లు."

"ఏంది?"

"ఇల్లు మేడం. లోపట మంచాలున్నయి, గ్యాస్ పొయ్యి ఉన్నది, బాత్రూం ఉన్నది. సెకండ్ హ్యాండ్. కొందామనుకుంటున్న. అమ్మేటాయన ఆదివారం దాక నడిపి చూసుకోమన్నడు."

అతని పేరు యాదగిరి. శంషాబాద్ బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపు. ఇల్లు రావిర్యాలలో. వాళ్ళ నానమ్మ లింగమ్మకు చచ్చేలోగా సముద్రం చూడాలని కోరిక. బస్సులో కాళ్ళు పట్టేస్తాయి, పరాయి బాత్రూముల్లోకి పోనంటుంది. పోనీ విమానం అంటే, రోజూ ఇంటి మీదుగా పోయేవాటిని చూసీ చూసీ, "పైకి పోయేది పైకే తీస్కపోతది, నాకొద్దు" అంటుంది. పైగా పోతే అందరూ కలిసి పోవాలి. ఊరంతా భూములు అమ్మిన డబ్బుతో కార్లు కొంటే, వీళ్ళు ఇల్లే కొందామని బయలుదేరారు.

స్వరూప ఆర్సీ తీసుకుని చూసింది. "ఖాళీ బరువు ఆరువేల ఏడువందల పది. ఆర్సీల మొత్తం బరువు ఏడువేల నాలుగువందల తొంభై. అంటే ఏడువందల ఎనభై కిలోల కన్న ఎక్కువ ఎక్కియ్యొద్దు. ఎంతమంది మీరు?"

"తొమ్మిది మంది."

"బరువెంత?"

"మా ఖాందాన్‌ను ఎవలు తూచిన్రు మేడం?"

"నేను తూస్త. అందర్ని, సామాన్తోటి సహా ఎక్కిచ్చుకొని రా. ట్యాంకు నిండ నీళ్ళు పట్టు. నేను సరే అన్నంకనే ముందల్కి పో. లేకుంటే కొన్నంక పరేషాన్ అయితవ్."

యాదగిరి ఆమెను కళ్ళార్పకుండా చూశాడు. ఫోన్లు అమ్మే మనిషికి, ఎవరో తన నష్టం గురించి ఇంతగా పట్టించుకోవడం కొత్త. "రేపే తీస్కొస్త" అని వెనక్కి తిరిగి, అద్దం తలుపుకి ముక్కు గుద్దుకున్నాడు. అతను వెళ్ళాక కూడా స్వరూప చాలాసేపు నవ్వుతూనే ఉంది.

మర్నాడు పదిన్నరకి తెల్ల బండి మళ్ళీ వచ్చింది. కాంటా ఎక్కింది. పరదాలు తొలగాయి.

స్వరూప నోరు తెరిచింది. లోపల అందరూ పట్టుబట్టల్లో ఉన్నారు. యాదగిరి తల్లి అనంతమ్మ తలలో మూరెడు మల్లెపూలు. చిన్నాన్న గోపయ్య ఒళ్ళో పళ్ళ పళ్ళెం. మధ్య మంచం మీద, పక్కన ఇసుర్రాయి పెట్టుకుని, మహారాణిలా లింగమ్మ.

"ఎవరు దిగొద్దు! ఎక్కడోళ్ళు అక్కడ్నే కూసోండ్రి!" అని మైకులో చెప్పింది స్వరూప.

బండిలోంచి లింగమ్మ గొంతు ఖంగున మోగింది. "నేను శానా పెండ్లిచూపులు చూసిన బిడ్డా. పిల్లను నడిపిచ్చి చూసుడు చూసిన, పాట పాడిచ్చి చూసుడు చూసిన. పిల్లగాని ఖాందాన్‌ను లారీ కాంటా ఎక్కిచ్చి తూచుడు ఇదే మొదటిసారి చూసుడు!"

పెండ్లిచూపులా?

స్వరూప క్యాబిన్లోంచి బయటికొచ్చి యాదగిరిని పక్కకి పిలిచింది. "ఇంట్ల ఏం చెప్పినవ్?"

"ఏం చెప్పలే. కాంటా కాడ ఒక పిల్ల ఉన్నది, అందర్ని తీస్కరమ్మన్నది, ఆమె సరే అంటేనే ముందల్కి పోదం అన్న." తను చెప్పింది తన చెవులకే వినిపించేసరికి అతని మొహం ఎర్రబడింది. "నిజంగ బండి గురించే అన్న!"

అప్పటికే గోపయ్య దిగి, వాన తగలకుండా రేకుల కింద నిలబడ్డ ముత్తయ్య చేతిలో పళ్ళ పళ్ళెం పెట్టేశాడు. "మా పిల్లగాడు బుద్ధిమంతుడు బావా."

ముత్తయ్య పళ్ళెం వైపు, కూతురు వైపు, బండి వైపు చూశాడు. కంగారులో అలవాటైన మాటే అన్నాడు. "మా బిడ్డకు కంప్యూటర్ మంచిగొస్తది."

స్వరూప మనసు చివుక్కుమంది. ఆ మాట వెనక ఉన్నది ఆమెకు తెలుసు. ముత్తయ్యకి అప్పట్లో లారీ కూడా ఉండేది. కూతురు ముచ్చటపడితే తనే నేర్పించాడు. హెవీ లైసెన్సు వచ్చిన రోజు ఊరంతా మిఠాయి పంచాడు. తర్వాత రెండు సంబంధాలు, "లారీ నడిపే పిల్లనా?" అని గడప దాకా వచ్చి వెనక్కి పోయాయి. అప్పటినుంచి లైసెన్సు బీరువాలో చీరల కింద ఉంది. ఎవరొచ్చినా కంప్యూటర్ గురించే చెబుతాడు.

ఆమె లోపలికి వెళ్ళి గోపయ్యని, యాదగిరిని మళ్ళీ బండెక్కమంది. తెర మీద అంకె నిలబడింది. ఏడువేల తొమ్మిదివందల ముప్పై.

"నాలుగువందల నలభై కిలోలు ఎక్కువైంది!" అని మైకులో ప్రకటించింది.

బండిలో అందరూ గోపయ్య వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తున్రు? నేను తొంభై ఎనిమిదే!"

నీళ్ళు సగం పారబోశారు. బియ్యం బస్తాలు నాలుగూ దించారు. ఇంకా నూట పదిహేను ఎక్కువే. గోపయ్య త్యాగం చేస్తున్న మొహంతో తనే దిగాడు. ఇంకా పదిహేడు కిలోలు మిగిలాయి.

"ఇసుర్రాయి దించుండ్రి" అన్నాడు యాదగిరి.

"అది దిగితే నేను దిగుత" అంది లింగమ్మ.

యాదగిరి జుట్టంతా పీక్కుని క్యాబిన్ కిటికీ దగ్గరికొచ్చాడు. "అమ్మేటాయన దగ్గర ఇంకోటి ఉన్నది, పెద్దది. ఆర్సీల తొమ్మిదివేల ఆరువందలు. ఇసుర్రాయి గాదు, పిండి మిల్లు పట్టుకపోవచ్చు. కొనమంటవా?"

"లైసెన్సు ఏముంది నీకు?"

"కారుది."

"నడవది. కాయితం మీద మొత్తం బరువు ఏడువేల ఐదువందలు దాటితే హెవీ కావాలె."

"ఖాళీగ నడిపితే?"

"ఖాళీగ నడిపినా గంతే. చూసేది కాయితం మీది బరువును. కారు లైసెన్సొచ్చి ఏడాది అయినంకనే హెవీ ఇస్తరు. నీకెన్నాళ్ళయింది?"

"నాలుగు నెలలు" అన్నాడు యాదగిరి, పరీక్ష తప్పిన పిల్లాడిలా.

"అయితే డ్రైవర్ని పెట్టుకోరాదు?"

"అడిగిన. పరాయోడు నడిపే ఇంట్ల నేను పండుకోను అన్నది నానమ్మ."

బండిలో అందరికీ సంగతి తెలిసింది. లింగమ్మ ఇసుర్రాయి మీద చెయ్యి పెట్టుకుని, "సరే తియ్. ఇంక ఎనిమిది నెలలే గదా. నాకు టైముంటే చూస్త, లేకుంటే లే" అంది. ఎవరినీ తప్పు పట్టలేదు. అదే స్వరూపకి గుచ్చుకుంది.

ఆమె ముత్తయ్య వైపు చూసింది. ఆయన ఏం జరగబోతోందో పసిగట్టి, వద్దన్నట్టు పళ్ళెం చేతిలోనే తల అడ్డంగా ఊపాడు. పళ్ళెంలోంచి రెండు బత్తాయిలు దొర్లిపోయాయి.

ఈ మాట చెబితే వీళ్ళూ వెళ్ళిపోతారు. రుమాలు కప్పుకున్న ఈ పిచ్చోడూ వెళ్ళిపోతాడు. నిన్నటినుంచి అతని ముక్కు గుర్తొచ్చి ఎన్నిసార్లు నవ్వుకుందో లెక్కలేదు. పోతే పోనీ అనుకుంది. ఈ సంగతి దాచిపెట్టి నిలుపుకోవాల్సిన మనిషైతే తనకెందుకు?

మైకు బటన్ నొక్కింది. "నాకు హెవీ లైసెన్స్ ఉన్నది. నేను లారీ నడుపుత. లైసెన్సొచ్చి మూడేండ్లాయె."

వెనక వరసలో ఉన్న టిప్పర్ డ్రైవర్లు కూడా హారన్ ఆపేశారు.

"ఏందంటున్నది పిల్ల?" అంది లింగమ్మ.

"పెద్ద బండి నడుపుతదంట అత్తా" అంది అనంతమ్మ.

"మరి మనోడు?"

"మనోనికి రాదంట."

లింగమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి మనవణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. "అయితే వాడు పక్కకు కూసుంటడు. బిడ్డా, సముద్రం తొవ్వ ఎరుకేనా నీకు?"

"కనుక్కుంట అవ్వా" అంది స్వరూప.

పెద్ద బండిని నడిపి చూడటానికి ఆదివారం ముహూర్తం కుదిరింది. తను లేకుండా కూతుర్ని పంపనని ముత్తయ్య కూడా ఎక్కాడు. ఆయన డెబ్భై నాలుగు కిలోలు ఎక్కినా బరువు పరిమితి దాటలేదని స్వరూప ముందే చూసుకుంది.

శంషాబాద్ దాటే దగ్గర టీ కొట్టు ముందు ముత్తయ్య పాత లారీ దోస్తులు నిలబడి ఉన్నారు. స్టీరింగ్ వెనక ఆడపిల్లని చూసి ఒకడు టీ గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. స్వరూప అద్దంలోంచి తండ్రిని గమనించింది. ఆయన మొదట తల దించుకున్నాడు. తర్వాత ఏమనిపించిందో కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి అరిచాడు. "నా బిడ్డర! చూడు, మలుపు ఎట్ల తిప్పుతున్నదో!"

స్వరూపకి కళ్ళు మసకబారాయి. వైపర్ వేసింది. బయట వాన లేదని తర్వాత గమనించింది.

పక్క సీట్లో యాదగిరి గొంతు సవరించుకున్నాడు. "స్వరూపా, ఆ దినం మా ఇంటోళ్ళు తప్పుగ అనుకున్నరు గదా, పెండ్లిచూపులని..."

"ఆఁ."

"నాకైతే తప్పనిపియ్యలే."

ఆమె స్టీరింగ్ తిప్పుతోంది. పక్కనుంచి ఒక టిప్పర్ దూసుకుపోయింది.

"ఏమన్న అనరాదు?"

"మలుపుల మాట్లాడిపియ్యొద్దు."

అతను బుద్ధిగా నోరు మూసుకున్నాడు. మలుపు అయిపోయింది. రావిర్యాల వైపు రోడ్డు తిన్నగా సాగింది. రెండు పక్కలా తడిసిన రాళ్ళగుట్టలు.

"ఇప్పుడు సీదా రోడ్డే. మల్ల చెప్పు" అంది స్వరూప.

"ఏది?"

"గదే. తప్పనిపియ్యలే అన్నవు గదా."

"నాకు నువ్వంటే ఇష్టం" అన్నాడు యాదగిరి నెమ్మదిగా.

వెనక తొమ్మిదిమంది ఊపిరి బిగబట్టారు. "నాకు ఇనపడలే! జర గట్టిగ చెప్పుర!" అంది లింగమ్మ.

"నాకు స్వరూప అంటే ఇష్టం!" అని యాదగిరి అరిచిన అరుపుకి గుట్ట మీది మేకలు తలెత్తి చూశాయి.

"నాకూ ఇష్టమే. కాని పెండ్లయినంక కూడ బండి నేనే నడుపుత" అంది స్వరూప, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"నడుపు. నేను అద్దాలు తుడుస్త."

ముత్తయ్య పెద్దగా దగ్గాడు. స్వరూప అద్దంలోకి చూసింది. "బాపూ?"

"నన్నేం చూస్తవ్, ముందల చూడు బిడ్డా." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మంచిగనే ఉన్నది. పోనియ్."

స్వరూప గేరు మార్చింది.