పది లైన్ల ప్రోగ్రామ్

మా తమ్ముడు నాకు సి అనే కంప్యూటర్ భాష నేర్పడం మొదలుపెట్టింది మా వంటింటి పక్కనున్న చిన్న బల్ల మీదే. నేను బట్టల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా కుట్టు మిషన్ ముందు కూర్చుంటున్నాను. వాడు తూకం యంత్రాలు తయారుచేసే వర్క్‌షాపులో, ఆ యంత్రాల్లో ఉండే చిన్న చిప్‌లకి ప్రోగ్రాములు రాసేవాడు.

"సర్క్యూట్ బోర్డులు పరీక్షించడానికి మా దగ్గర మనిషి కావాలక్కా. కొంచెం సి వస్తే చాలు. నీ నడుం నొప్పి కూడా పోతుంది" అన్నాడు ఒకరోజు.

ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక ఇప్పుడేం చదువురా అని నవ్వాను. వాడు నవ్వలేదు. మర్నాడే అగ్గిపెట్టెంత బోర్డు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

మొదటి వారమంతా ఒక చిన్న దీపాన్ని వెలిగించడం, ఆర్పడం. అంతే. లైను చివర సెమికోలన్ పెట్టడం మర్చిపోయేదాన్ని. కంప్యూటర్ తెర నిండా ఎర్రక్షరాలతో తప్పులు కనిపిస్తే నాకు సిగ్గేసేది. "తప్పులు పట్టే ఈ కంపైలర్‌కి మొహమాటం తెలీదక్కా. అలాగని నీ మీద కోపమూ లేదు" అనేవాడు. రెండో వారానికి బటన్ దాకా వచ్చాం. "బటన్ తీగ తగిలించే పిన్నుని ఊరికే గాలికి వదిలేయకూడదు. అలా వదిలేస్తే, దగ్గర్లో చెయ్యి కదిలినా ఎవరో నొక్కారనుకుంటుంది, పిచ్చిది" అని చెప్పాడు. దానికి ప్రోగ్రాములో ఒక లైను రాయాలట. ఆ లైను కూడా చూపించాడు.

మా అమ్మకి చెవులు వినపడవు. నాన్న చనిపోయిన ఏడాదే ఆమెకి పెద్ద జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. పెదాల కదలిక చూసి మాట పట్టుకుంటుంది. మేమిద్దరం పనికెళ్లాక ఎవరు వచ్చి బెల్లు కొట్టినా ఆమెకి తెలియదు. అందుకని, గుమ్మం బయట బెల్లు నొక్కితే వంటింట్లో దీపం వెలిగేలా ఒక పరికరం చెయ్యాలనుకున్నాడు తమ్ముడు. తీగలు లాగాడు, దీపం బిగించాడు, సీసం కరిగించి అతుకులు వేశాడు. ప్రోగ్రామ్ మాత్రం రాయలేదు.

"అది నువ్వే రాయాలి. పది లైన్లు. అదే నీకు పరీక్ష" అన్నాడు.

ఆ నెల ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్. ఇవాళ రాస్తా, రేపు రాస్తా అంటూ మూడు వారాలు గడిపేశాను. వాడు రాసుకుంటే ఐదు నిమిషాల పని. అయినా రాయలేదు, నన్ను తొందరపెట్టనూ లేదు.

ఒక మధ్యాహ్నం ఛాతీ బరువుగా ఉందని వర్క్‌షాపులో చెప్పి ఇంటికొచ్చేశాడు. ఆరోజు తాళంచెవి ఇంట్లోనే మర్చిపోయాడు. బెల్లు కొట్టాడు. లోపల అమ్మ కూరలు తరుగుతోంది. నాకు ఆరుసార్లు ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీలో ఫోన్లు లాకర్లో పెట్టేయాలి. చివరికి పై అంతస్తు టీచరమ్మ, ఈ బెల్లు ఎంతకీ ఆగదేమని విసుక్కుంటూ కిందికి దిగింది. మెట్ల కమ్మీకీ గోడకీ మధ్య ఇరుక్కుని, వాడు నిలబడే ఉన్నాడట. భుజం బెల్లు మీద ఆనుకుని ఉందట.

"ఒక్క అరగంట ముందు తెచ్చుంటే..." అని డాక్టరు మధ్యలో ఆపేశాడు. అమ్మ ఆయన పెదాల మీద ఆ మాట చదివేసింది. ఆ తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నలభై రోజులు ఆ బోర్డు వంక చూడలేదు. ఒక ఆదివారం సాయంత్రం మనసు రాయి చేసుకుని తీశాను. అమ్మ రోజంతా ఒంటరిగా ఉంటోంది. ఎవరో ఒకరు తలుపు కొడతారు కదా.

బయట వాన. ఆరు గంటలకే గది మసకబారింది. తడిసిన గోడల వాసన. దాని వెనకే, బోర్డుని ఇంకా వదలని అతుకుల వాసన, వాడి చొక్కాలకి ఉండే వాసన. పది లైన్లు అనుకున్నవి పద్నాలుగయ్యాయి. ఒక్క ఎర్రక్షరం కూడా రాలేదు. మొదటిసారి. ఆ మాట చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. కాసేపు అలాగే కూర్చుని ఏడ్చాను.

తర్వాత ప్రోగ్రామ్‌ని చిప్‌లోకి ఎక్కించాను.

వంటింట్లో దీపం వెలిగింది.

"ఎవరో వచ్చారే" అంటూ అమ్మ చేతులు తుడుచుకుని వెళ్లి తలుపు తీసింది. మెట్ల మీద ఎవరూ లేరు.

"నా తప్పేనమ్మా" అన్నాను, ఆమెకి ఎదురుగా నిలబడి. నిజంగానే తప్పు కనిపించింది. పిన్నుని గాలికి వదిలేశాను. వాడు చూపించిన లైను చేర్చి, మళ్లీ ఎక్కించాను. దీపం ఆరింది. ప్రాణం కుదుటపడింది.

రెండు నిమిషాల తర్వాత మళ్లీ వెలిగింది. ఆరింది. వెలిగింది.

అమ్మ మళ్లీ తలుపు తీసింది. ఈసారి మూయలేదు. గుమ్మంలోనే నిలబడింది.

వాన తడికి బటన్ చెడిందేమో అనుకున్నాను. బటన్ నుంచి వచ్చే తీగని బోర్డు నుంచి పూర్తిగా పీకేశాను. ఇప్పుడు బయట ఎవరు నొక్కినా ఈ చిప్‌కి తెలిసే దారి లేదు.

దీపం వెలిగింది.

అయినా తప్పు నాదే అయ్యుంటుందని మొండిగా ఇంకో రెండు లైన్లు రాశాను. నొక్కినప్పుడు తెర మీద ఒకటి పడాలి. వదిలినప్పుడు సున్నా పడాలి. ఎక్కించి, చూస్తూ కూర్చున్నాను.

ఒకటి. సున్నా.

ఒకటి. సున్నా.

కొంచెం ఆగి... ఒకటి. సున్నా.

ఓపిగ్గా ఉంది ఆ నొక్కడం. లోపలున్న మనిషి లేచి వచ్చేదాకా ఆగుదాం అన్నట్టు. పోనుపోను తొందర పెరిగింది. ఒకటి, సున్నా, ఒకటి, సున్నా... వరసగా, ఊపిరాడనట్టు...

తర్వాత ఒకటి.

సున్నా కోసం చూశాను. రాలేదు. నిమిషం గడిచింది. రెండు గడిచాయి. వంటింట్లో దీపం అలాగే వెలుగుతోంది.

బెల్లు మీద ఆనిన ఆ భుజం గుర్తొచ్చింది. చాలాసేపటికి బోర్డు మీదికి వంగి గొణిగాను. "రాశానురా... చూడు, రాశాను..."

దీపం ఆరలేదు.

ఇంక భరించలేక బోర్డు నుంచి బ్యాటరీ లాగేశాను. కంప్యూటర్ తీగ కూడా పీకేశాను. అప్పుడు ఆరింది. వాన కూడా తగ్గినట్టుంది. ఇల్లంతా చెవుల్లో దూది పెట్టుకున్నట్టు నిశ్శబ్దం.

అమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది. నాకు వీపు చూపిస్తూ, మెట్ల కిందికి చూస్తోంది.

"నన్ను కాదే" అంది మెల్లగా. "నిన్ను."

"ఎవరమ్మా?" అన్నాను. గుసగుసకన్నా తక్కువగా వచ్చింది నా గొంతు. ఆమె నా వైపు తిరగలేదు. నా పెదాలు చూడలేదు.

అయినా జవాబు చెప్పింది.

"వస్తున్నానని చెప్పవే వాడికి. ఎంతసేపట్నించి పిలుస్తున్నాడో."

నేను ఊపిరి బిగబట్టి విన్నాను. కమ్మీ మీంచి నీటి చుక్కలు జారుతున్న చప్పుడు. అంతకుమించి ఏమీ లేదు.

అమ్మ ఒక్కసారి ఉలిక్కిపడింది. ఇంత దగ్గర్లో అంత చప్పుడు తట్టుకోలేనట్టు కళ్లు బిగించి, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది.