అరచేతి కింద

డిసెంబరులో ట్రాన్‌హైమ్ ఊళ్లో మధ్యాహ్నం తిన్నది అరగకముందే చీకటి పడిపోతుంది. నది ఒడ్డున ఒకప్పటి చేపల గిడ్డంగి. దాని పై అంతస్తులో గూడ్రున్ దీపం వేసుకుని, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని, తన పలక ముందు కూర్చుంది. కింద చెక్క స్తంభాలను ఒరుసుకుంటూ నీళ్లు పోతున్న చప్పుడు. ఎప్పుడూ ఉండే చప్పుడే.

ఆ పలక చదరంగం బల్లంత ఉంటుంది. దాని నిండా వేలిగోరంత స్పీకర్లు. వాటి మోత మనిషి చెవికి అందదు. కానీ ఏ స్పీకరు ఏ క్షణంలో మోగాలో సరిగ్గా చెబితే, ఆ మోతలన్నీ పలక పైన గాలిలో ఒక్కచోట కలుస్తాయి. అక్కడ అరచెయ్యి పెడితే కింద నుంచి ఎవరో వేలితో తాకినట్టు ఉంటుంది. స్పీకర్లకు సిగ్నళ్లు రాసేది గూడ్రునే. రవ్వంత ముందూ వెనకా అయితే ఆ స్పర్శ చెదిరిపోతుంది. మర్నాడు చూపు లేని పిల్లల బడి నుంచి మనుషులు వస్తున్నారు. వాళ్లకు పలక నచ్చితే సరే, లేకపోతే కంపెనీ మూత పడుతుంది.

స్పర్శ అరచేతి మీద సున్నా చుట్టాలి. వారం రోజులుగా చుట్టడం లేదు. సగం చుట్టి ఆగుతోంది. తర్వాత తనకు తోచిన దారిన చేతి అంచుల దాకా పోయి వెనక్కి వస్తోంది.

గూడ్రున్ అనుమానమంతా ఎయిలెర్ట్ మీదే. అతను ఈమధ్యే పోటీ కంపెనీ నుంచి వచ్చాడు. మరీ మర్యాదగా ఉంటాడు, అదీ ఆమెకు గిట్టలేదు. పైగా తోర్‌బ్యోర్న్ కుర్చీలో కూర్చుంటున్నాడు. ఈ పలకను మొదట తయారుచేసింది తోర్‌బ్యోర్న్. పోయిన చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద స్కేటింగుకు వెళ్లాడు. పల్చటి చోట మంచు విరిగి కింది నీళ్లలోకి పోయాడు, బతకలేదు. ఆ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తరు.

"ఎయిలెర్ట్, ఇటు రా. నా సిగ్నళ్లలో వేలు పెట్టింది నువ్వేనా?"

"నీ సిగ్నళ్లా? నీ కాఫీ కప్పు ముట్టుకోవాలన్నా వణుకొస్తుంది నాకు."

"వెటకారం ఆపు. పాత కంపెనీ వాళ్లతో ఇంకా మాట్లాడుతూనే ఉన్నావు కదూ?"

అతని మొహంలో నవ్వు పోయింది. "ఈ ఉద్యోగం ఊడితే నేనెక్కడికి పోను? నా భార్య సిన్నోవెకి నెలలు నిండాయి."

"ఆ మాట కాసేపట్లో మేనేజరుకి చెప్పుకో."

చెప్పడానికి ముందు రుజువు కావాలి. అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి రెండు చేతులూ బల్ల మీద పెట్టమంది. పలకకు బయటి నుంచి వచ్చే వైర్లు పీకేసి, కరెంటు తీగ ఒక్కటే ఉంచింది. తెర మీద సిగ్నళ్ల గీతలు చూసింది. అన్నీ ఆమె రాసినట్టే, వెంట్రుకవాసి తేడా లేదు. అరచెయ్యి పెట్టింది.

సగం సున్నా. ఆగింది. జరిగింది.

"గీతలు బాగానే ఉన్నాయిగా," అన్నాడు ఎయిలెర్ట్. "ఏదీ, నన్ను చూడనీ." ఆమె చెయ్యి తీసేలోపే తన చెయ్యి కూడా పక్కన ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఇది సున్నా ఎక్కడిది? ఎవరో కింద నుంచి నొక్కి చూస్తున్నట్టుంది. ఇక్కడ కాదు... ఇక్కడా కాదు... దారి కోసం తడుముకుంటున్నట్టు లేదూ?"

గూడ్రున్‌కి పోయిన చలికాలం విన్నది గుర్తొచ్చింది. తోర్‌బ్యోర్న్‌ని బయటికి తీసినవాళ్లు చెప్పారు. చేతి తొడుగులు లేవట. మంచు అడుగున తడిమి తడిమి అరచేతులు చీరుకుపోయాయట.

"నీకెవరు చెప్పారు?" అంది.

"ఏం చెప్పారు?"

అతని కళ్లలోకి చూసింది. నటన కాదు. నటనైతే ఎంత బాగుండు అనిపించింది.

అతని చేతిని పక్కకు నెట్టి, రెండో చేత్తో కరెంటు తీగ పీకింది. పచ్చదీపం ఆరింది. ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది.

స్పర్శ ఆగలేదు...

ఇప్పుడది చల్లగా ఉంది. సరస్సు అడుగు బురద వాసన... ఎక్కడి నుంచో. అది అరచేతి మధ్యకు వచ్చి నిలిచింది. నొక్కింది. ఇంకా గట్టిగా...

"చెయ్యి తీసెయ్," ఎయిలెర్ట్ గుసగుసగా అన్నాడు.

ఆమె తీయలేదు. కింద ఉన్నదాన్ని ఇన్నాళ్లూ పైకి రానివ్వని మంచు నా చెయ్యే అయితే... తీస్తే ఏమవుతుంది?

"తీసెయ్, గూడ్రున్!" అతనే ఆమె మణికట్టు పట్టుకుని లాగేశాడు.

ఏమీ కాలేదు. కింద నది చప్పుడు, అంతే. వాసన కూడా పోయింది.

 గూడ్రున్‌కి సిగ్గేసింది. "నిన్ను ఊరికే అన్నాను. మేనేజరుకి ఏమీ చెప్పను. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

"అదంతా తర్వాత. ముందు ఇక్కణ్ణుంచి పద."

అతను తలుపు దగ్గరికి వెళ్లి కోటు వేసుకుంటున్నాడు. గూడ్రున్ లేవడానికి బల్ల మీద చెయ్యి ఆనించింది.

చేతి వెనక వైపు ఒక వేలు ఆనింది.

తర్వాత ఇంకోటి. తర్వాత మిగతావి...

పలక ఏ స్పర్శనైనా కింద నుంచి పైకి మాత్రమే నెట్టగలదు. అది ఆమె రాసిన లెక్కే. ఇది పై నుంచి వచ్చింది. ఆమె చేతిని బల్లకు అదిమి పట్టింది. కాసేపటికి మెల్లగా మణికట్టు మీదికి పాకి, వెచ్చదనం వెతుక్కుంటున్నట్టు స్వెట్టరు చేతిలోకి దూరింది.

"ఎయిలెర్ట్..." అంది గూడ్రున్. "ఇది నువ్వే చేస్తున్నావు కదూ? నువ్వేనని చెప్పు. ఎవరికీ చెప్పను... నీకు దణ్ణం పెడతాను, నువ్వేనని చెప్పు."

అతను ఉన్ని తొడుగులు వేసుకున్న రెండు చేతులతో తలుపు తెరిచి పట్టుకుని, "ఏది నేనే?" అన్నాడు.

గూడ్రున్ స్వెట్టరు చెయ్యి, మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా, తడుస్తూ వస్తోంది.